పాలకొల్లు సీమలో బడిపంతులు జీతం

ఉపాధ్యాయుల నియామకం, శిక్షణ, జీతం, బదిలీ, పింఛను అనే అయిదు విషయాలను ఒకే ప్రభుత్వ విధానంలో భాగాలుగా చూడడం మన దేశంలో ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో గాని స్థిరపడలేదు. ఆ విధానాలన్నిటికీ అడుగున ఉన్న ప్రశ్న మాత్రం చాలా పాతది: పిల్లలకు చదువు చెప్పే మనిషికి జీతం ఎవరివ్వాలి, ఇచ్చినవారికి అతనిమీద ఎంత అధికారం ఉండాలి. గోదావరి డెల్టాలో ఈ ప్రశ్న రెండు వందల ఏళ్లుగా నలుగుతూనే ఉంది. ఈ చరిత్రలో పాలకొల్లుకు, దాని ఇరుగుపొరుగున ఉన్న నరసాపురం, ఆచంట, పెనుగొండలకు ప్రత్యేకమైన చోటుంది. ఆనాటి మద్రాసు రాజధానిలో, అంటే మద్రాసు గవర్నరు ఏలుబడిలోని ప్రాంతమంతటిలో, బడి కోసం రైతులు భూమిశిస్తుతోపాటు అదనంగా చెల్లించే పద్ధతి ఈ ఊళ్ల చుట్టూ మొదలై, చివరకు ఒక శాసనానికే దారితీసింది.

అంతకు ముందున్నది వీధిబడి. ఊళ్లో ఎవరి అరుగుమీదనో, సత్రంలోనో, గుడి మండపంలోనో సాగే ఆ బడికి పాలకమండలి గాని, పాఠ్యప్రణాళిక గాని, నియామకపత్రం గాని ఉండేవి కావు. అయ్యవారు వచ్చి కూర్చోవడమే నియామకం, పిల్లలు రావడం మానడమే తొలగింపు. ఇసుకలో అక్షరాలు దిద్దించడం, ఎక్కాలు వల్లె వేయించడం, శతకపద్యాలు కంఠస్థం చేయించడం, ఆపైన లెక్కలు, దస్తావేజు రాత నేర్పడం ఆయన పని. దానికి ప్రతిఫలం కొంత నగదుగా, కొంత ధాన్యంగా, కొంత పండుగ మామూలుగా ముట్టేది. విజయదశమి నాళ్లలో పిల్లలు గిలకలు పట్టుకొని గురువు వెంట ఇంటింటికీ తిరిగి పద్యాలు పాడడం, ఇంటివారు పంతులుకు కానుకా పిల్లలకు పప్పుబెల్లాలూ ఇవ్వడం ఇటీవలి వరకూ కోస్తా పల్లెల్లో నిలిచిన ఆచారమే. దానిని వేడుకగా తలచుకోవడం ఈనాటి అలవాటు. కాని ఏడాదికి రావలసిన రాబడిలో ఒక భాగం కోసం పంతులు శిష్యులను వెంటబెట్టుకొని గడపగడపకూ వెళ్లవలసివచ్చిందన్నది కూడా అందులో ఉన్న నిజమే. జీతం తల్లిదండ్రుల చేతిలో ఉన్నంతకాలం ఆయన ఊరి మనిషి, అయితే ఊరిలో కలిగినవారి మనిషి.

ఈ వ్యవస్థను తొలిసారి లెక్కకట్టించినవాడు మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో. 1822 జూన్ 25న ఆయన రాసిన ఉత్తర్వు మేరకు ప్రతి కలెక్టరూ తన జిల్లాలోని బడుల పట్టిక పంపవలసివచ్చింది. రాజమహేంద్రవరం కలెక్టరు 1823లో పంపిన పట్టికలో 291 బడులూ, వాటికి పైస్థాయిలో వేదమూ శాస్త్రాలూ చెప్పే 279 విద్యాస్థానాలూ ఉన్నాయి. పైస్థాయి విద్యాస్థానాల గురువుల్లో 69 మందికి మాన్యం భూములూ, 13 మందికి పూర్వపు జమీందారులు ఏర్పరచిన నగదు వర్షాశనాలూ ఉన్నట్లు తేలింది. శాస్త్రం చెప్పే గురువుల్లో కొందరికైనా భూమి అండ ఉంది. అక్షరాలు దిద్దించే పంతులుకు ఉన్నది పిల్లలు తెచ్చే జీతమే. పాలకొల్లు ఊరు మాత్రం అప్పటికి డచ్చివారి అధీనంలో ఉంది. పదిహేడవ శతాబ్దంలో బట్టల వ్యాపారం కోసం వారు అక్కడ స్థావరం ఏర్పరచుకున్నారు. మధ్యలో చేతులు మారినా 1818లో మళ్లీ వారికే దక్కిన ఆ ఊరు, 1824లో కుదిరిన ఆంగ్లో డచ్చి ఒప్పందం తరువాత గాని ఇంగ్లీషు కంపెనీ పాలనలోకి రాలేదు.

పట్టికలన్నీ చేరిన తరువాత 1826 మార్చి 10న మన్రో రాసిన నివేదికను దక్షిణాదిలో ఉపాధ్యాయ విధానానికి మొదటి ముసాయిదాగా చెప్పవచ్చు. రాజధాని మొత్తంమీద ఉన్న 12,498 బడులలో చదువు నాసిగా ఉండడానికి ఆయన చూపిన కారణాలలో ముఖ్యమైనది పంతుళ్ల రాబడి. నెలకు ఆరేడు రూపాయలకు మించని సంపాదన కోసం తగిన చదువున్నవారు ఈ వృత్తిలోకి రారని ఆయన అభిప్రాయం. అందుచేత జిల్లాకు రెండు పెద్ద బడులు, తాలూకాకు ఒక తహసీలు బడి పెట్టి, పెద్ద బడి పంతులుకు నెలకు 15 రూపాయలు, తహసీలు బడి పంతులుకు 9 రూపాయలు సర్కారు ఇవ్వాలనీ, ఆ పంతుళ్లను ముందుగా మద్రాసులో తర్ఫీదు చేయాలనీ ప్రతిపాదించాడు. తొమ్మిది రూపాయలు తక్కువ కాదా అన్న ప్రశ్నకు ఆయనే జవాబు కూడా సిద్ధం చేసుకున్నాడు: పిల్లలిచ్చే రుసుము కూడా కలిస్తే ఆ పంతులు స్కాట్లండులోని ఊరిబడి ఉపాధ్యాయుని కన్నా మెరుగ్గానే బతుకుతాడట. గ్లాస్గోలో పుట్టిన గవర్నరుకు కొలబద్దగా తన ఊరిబడే తోచడం సహజమే. అయితే సగం జీతం సర్కారుదీ, సగం తల్లిదండ్రులదీ అన్న ఈ లెక్కలో, చదువు చెప్పించే పూర్తి బాధ్యతను నెత్తిన వేసుకోవడానికి రాజ్యం మొదటినుంచీ వెనుకాడిందన్న సంగతి కూడా కనిపిస్తుంది. 1827లో మన్రో పత్తికొండలో కలరాతో మరణించాడు. ఆయన తలపెట్టిన బడులు సగానికి సగం కూడా లేవకముందే 1836లో మూతపడ్డాయి.

ఆ తరువాతి ఇరవయ్యేళ్లలో డెల్టా రూపమే మారిపోయింది. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయి, కాలువలు పారి, కరువుకూ వరదకూ నడుమ నలిగిన పొలాలు మాగాణులయ్యాయి. పంట పెరిగితే శిస్తు పెరుగుతుంది, శిస్తు పెరిగితే కాగితం పెరుగుతుంది; కరణం రాసిన లెక్కను తానే చదువుకోవలసిన అవసరం రైతుకు మునుపటికన్నా ఎక్కువైంది. ఈ సమయంలో రాజమహేంద్రవరం సబ్‌కలెక్టరుగా ఉన్న జి.ఎన్. టేలర్ 1850 దశకపు తొలి సంవత్సరాలలో నరసాపురంలో ఒక బడిని, దానికి అనుబంధంగా పాలకొల్లు, ఆచంట, పెనుగొండలలో ఒక్కొక్క బడిని పెట్టించాడు. నరసాపురం బడే నేటికీ టేలర్ ఉన్నత పాఠశాలగా నడుస్తున్నది. వాటిని చూసిన చుట్టుపక్కల ఊళ్ల రైతులు తమ గ్రామాలలోనూ బడులు కావాలనీ, వాటి ఖర్చు కోసం తమ ఊరి శిస్తుకు శాశ్వతంగా కొంత కలిపి వసూలు చేసుకోవచ్చుననీ అర్జీ పెట్టుకున్నట్లు ఆనాటి ప్రభుత్వ పత్రాలు చెబుతున్నాయి.

ఆ అర్జీని ఎలా చదవాలన్నది ఆలోచించవలసిన విషయం. సబ్‌కలెక్టరు కోరికను గ్రహించి పెద్దరైతులు పెట్టిన అర్జీయే తప్ప ఊరంతా కలిసి ముచ్చటపడింది కాదని అనుమానించేవారికి ఆధారం లేకపోలేదు, ఎందుకంటే అనతికాలంలోనే ఈ పన్ను వసూలుకు చట్టబలం అవసరమైంది. కాని డెల్టా రైతుకు ఇందులో లాభమేమీ కనిపించలేదనడం కూడా సరికాదు. శిస్తుతోపాటు కట్టే సొమ్ముతో నడిచే బడిలో పంతులు ఏ ఒక్క ఇంటికీ బాకీపడడు. ఒక ఆసామి అలిగి కొడుకును మానిపించినంత మాత్రాన ఆయన పొయ్యి ఆరిపోదు. ఊరందరి డబ్బుతో ఊరందరి పిల్లలకు చదువు అన్న భావన ఈ ప్రాంతంలో కాగితంమీదికి ఎక్కినది అప్పుడే. అయితే ‘ఊరందరు’ అన్నమాట కింద లెక్కకు వచ్చినది శిస్తు కట్టేవారే. పొలాల్లో పనిచేసే మాల మాదిగ పాలేర్ల పిల్లలకు ఆ బడుల గడప తొక్కే వీలు దాదాపుగా లేదు.

టేలర్ ప్రయోగం సాగుతున్నప్పుడే లండనులో చార్లెస్ వుడ్ పేరిట 1854 జూలైలో వెలువడిన విద్యాపత్రం భారతదేశానికంతటికీ ఒక చట్రం గీసింది. ప్రతి రాజధానికీ విద్యాశాఖ అధిపతి, ఆయన కింద ఇన్‌స్పెక్టర్లు, ప్రైవేటు బడులకు గ్రాంటు, అంటే షరతులతో కూడిన సర్కారు సహాయధనం, ఉపాధ్యాయులను తయారుచేసే నార్మల్ స్కూళ్లు, అంటే బోధనపద్ధతి నేర్పే శిక్షణశాలలు, ఇవన్నీ అందులోనివే. మద్రాసుకు తొలి విద్యాశాఖాధిపతి అలెగ్జాండర్ ఆర్బత్‌నాట్. అక్కడి సర్కారు నార్మల్ స్కూలు 1856లో మొదలైంది. ప్రాథమిక విద్యకు స్థానికంగా పన్ను వేయడం మేలని 1859లో భారత వ్యవహారాల మంత్రి స్టాన్లీ పంపిన మరో పత్రం సూచించింది. గోదావరి ఊళ్లలో అప్పటికే నడుస్తున్న పన్నుబడులకు మాత్రం పునాది బలహీనం: ఒప్పుకున్న రైతు మరుసటి ఏడు కట్టనంటే బలవంతంగా వసూలు చేయడానికి చట్టం లేదు. ఆ లోటు తీర్చడానికే మద్రాసు శాసనసభ 1863లో ఆరవ నంబరు చట్టంగా మద్రాసు విద్యాచట్టాన్ని చేసింది. గ్రామస్థులు కోరిన చోట బడిఖర్చుకు పన్ను విధించడానికీ, దాని నిర్వహణను కమిషనర్లకు అప్పగించడానికీ అది వీలు కల్పించింది. ఎనిమిదేళ్ల తరువాత, 1871లో వచ్చిన స్థానిక నిధుల చట్టం రాజధాని అంతటా భూమిమీద సెస్సు వేసి, అందులోంచి రోడ్లకూ ఆసుపత్రులకూ బడులకూ ఖర్చుపెట్టే మండళ్లను ఏర్పాటు చేయడంతో ఈ ప్రాంతపు ప్రత్యేకత ముగిసింది. బడిపన్ను రోడ్డుపన్నుతో కలిసిపోయింది. అలా కలిసినప్పుడు ముందుగా తీరేది ఏ అవసరమో డెల్టా మట్టిరోడ్లను ఎరిగినవారికి చెప్పనక్కరలేదు.

పన్నుబడుల గడప ఎక్కలేనివారికి మరో దారి మిషను బడి. గోదావరి డెల్టా మిషను స్థాపకులైన విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు 1836లో ఈ దేశానికి వచ్చి, బీర్ నరసాపురంలోనూ బౌడెన్ పాలకొల్లులోనూ స్థిరపడ్డారు. వారి వెనుక పల్లెలలో వెలసిన చిన్నచిన్న బడులలో పంతులుగా కుదిరినవాడు చాలాచోట్ల ఆ పేటవాడే. పగలు అక్షరాలు చెప్పి, సాయంకాలం ప్రార్థన నడిపే ఉపదేశి కూడా అతనే. అతని జీతం దొరగారి చేతిలోనిది కాబట్టి ఆ చేయి ఆగితే బడీ ఆగుతుంది. ఇన్ని పరిమితుల మధ్యనైనా, కూలి తప్ప మరొకటి ఎరుగని కుటుంబాలకు నెలజీతం తెచ్చిన మొదటి ఉద్యోగం అనేక పల్లెలలో ఈ పంతులు పనే. ఇరవయ్యవ శతాబ్దంలో దళితుల చదువు గురించి డెల్టాలో జరిగిన ప్రతి ప్రయత్నానికీ, బోయి భీమన్న ‘పాలేరు’ నాటకానికి దొరికిన ప్రేక్షకులకూ, ఈ పంతుళ్లు వేసిన బాటే నేల అయింది. వీరి పేర్లు ఏ సర్కారు పట్టికలోనూ ఉపాధ్యాయులుగా ఎక్కకపోవడం వల్ల వీధిబడి పంతులుకు దక్కినపాటి స్మృతి కూడా వీరికి దక్కలేదు.

1860ల చివరనుంచి మద్రాసు రాజధానిలో అమలైన ఫలితాల గ్రాంటు మరో రకమైన పద్ధతి. ఇంగ్లండులో 1862నాటి సవరించిన నిబంధనావళి నుంచి అరువు తెచ్చుకున్న ఈ విధానంలో, ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వచ్చి పిల్లలను ఒక్కొక్కరినే చదవడం, రాయడం, లెక్క అనే అంశాలలో పరీక్షించి, ఉత్తీర్ణులైన తలకు ఇంత అని లెక్కకట్టి పంతులుకు సొమ్ము ఇప్పించేవాడు. ఖజానా దృష్టిలో ఇంతకన్నా పొదుపైన ఏర్పాటు లేదు: పని జరిగిన మేరకే చెల్లింపు, పంతులు సర్కారు ఉద్యోగి కాడు, పింఛను బాధ్యత లేదు. వీధిబడులు తమంతట తామే సర్కారు పాఠ్యక్రమంలోకి రావడానికి కూడా ఇదే కారణమైంది. దాని ఖరీదు తరగతిగదిలో చెల్లించవలసివచ్చింది. పరీక్షలో నెగ్గగల పిల్లవాడు పంతులుకు రాబడి, నెగ్గలేనివాడు బరువు; ఇన్‌స్పెక్టరు వచ్చేరోజు ఏడాదికంతటికీ కోతరోజు. కర్జన్ కాలంలో, 1904లో భారత ప్రభుత్వం వెలువరించిన విద్యావిధాన తీర్మానం ఈ పద్ధతిని తప్పుపట్టి, మానుకోవాలని చెప్పేదాకా అది సాగింది. ఉపాధ్యాయుల జీతాన్ని పిల్లల మార్కులతో ముడిపెట్టాలన్న ప్రతిపాదన ఈనాటికీ అప్పుడప్పుడు కొత్త ఆలోచన వేషంలో వస్తూ ఉంటుంది గనుక ఈ నలభయ్యేళ్ల అనుభవాన్ని గుర్తుపెట్టుకోవడం మంచిది.

ఇన్‌స్పెక్టర్లందరూ తలలు లెక్కపెట్టినవారే కారు. ఉత్తర కోస్తా జిల్లాల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్, పిల్లలు మాట్లాడే తెలుగుకూ పంతులు చెప్పే తెలుగుకూ ఇంత దూరమెందుకని అడిగిన ప్రశ్న గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమానికి ఊతమిచ్చిన సంగతి ప్రసిద్ధమే.

శిక్షణ విషయంలో గోదావరి మండలానికి కేంద్రం రాజమహేంద్రవరం. అక్కడ 1894లో ఏర్పడిన ప్రభుత్వ ట్రైనింగ్ కళాశాల పట్టభద్రులను ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులుగా తయారుచేసేది. రాజ్యం తన ఖర్చుతో తయారుచేసిన పంతులు నుంచి ఏమి ఆశిస్తుందో 1907లో తేటతెల్లమైంది. ఆ ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలతో ఊరు ఉడికిపోతున్న వేళ, వందేమాతరం బిళ్లలు ధరించిన విద్యార్థులపై ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ చర్య తీసుకున్నాడు. ట్రైనింగ్ కళాశాలలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును బహిష్కరించారు, సర్కారు కొలువుకు అనర్హుడన్నారు. ఆయన ఆ తరువాత పత్రికలు నడిపి, జైలుకు వెళ్లి, గ్రంథాలయోద్యమానికీ వయోజనవిద్యకూ జీవితం ధారపోశాడు. తరగతిగదిలోకి రానివ్వని ఉపాధ్యాయుడు ఊరూరా బడి తెరిపించాడన్నమాట.

స్థానిక స్వపరిపాలన పేరుతో 1884లో వచ్చిన చట్టం ప్రాథమిక పాఠశాలలను జిల్లా బోర్డులకూ తాలూకా బోర్డులకూ అప్పగించింది. పాలకొల్లుకు 1919లో పురపాలక సంఘం ఏర్పడడంతో పట్టణంలోని బడులకు ఇంకొక యజమాని తోడయ్యాడు. 1920నాటి మద్రాసు ప్రాథమిక విద్యాచట్టం జిల్లా విద్యామండళ్లను తెచ్చింది. ఈ కాలంలోనే జిల్లా కూడా మారుతూ వచ్చింది: నరసాపురం తాలూకా గోదావరి జిల్లానుంచి కృష్ణకు వెళ్లి, 1925లో పశ్చిమగోదావరి ఏర్పడినప్పుడు అందులో చేరింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి పాలకొల్లు చుట్టుపక్కల పదిమైళ్లలో ఒకే తరగతికి ఒకే పాఠం చెప్పే ఉపాధ్యాయులలో బోర్డు పంతులు, పురపాలక పంతులు, మిషను పంతులు, ఎయిడెడ్ బడి పంతులు, అంటే ప్రైవేటు యాజమాన్యం కింద సర్కారు గ్రాంటుతో పనిచేసేవాడు, ఇలా రకరకాలవారు ఉండేవారు. జీతం వేరు, సెలవు వేరు, పింఛను ఉండడమూ లేకపోవడమూ వేరు. యాజమాన్యం అనే పదం ఈనాటికీ ఉపాధ్యాయుల సర్వీసు వ్యవహారాలలో మొదటి గడిగా ఉండడానికి మూలం ఇక్కడే ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 1959లో పంచాయతీరాజ్ వచ్చి, ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితుల కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల కిందికి వెళ్లాయి. ప్రజలు ఎన్నుకున్నవారి చేతిలో బడి ఉండాలన్నది మంచి సిద్ధాంతమే. ఆచరణలో సమితి అధ్యక్షుని చేతికి దొరికిన అధికారాలలో అన్నిటికన్నా ఎక్కువమందిని తాకేది పంతుళ్ల బదిలీయే అయింది. ఓటు ఎటు వేశాడన్న అనుమానంమీద, ఎన్నికల్లో ఎవరి అరుగున కూర్చున్నాడన్న కబురుమీద ఒక ఉపాధ్యాయుణ్ణి చదువుల మధ్యలో దూరపు ఊరికి పంపడం ఆ కాలపు ఉపాధ్యాయుల జ్ఞాపకాలలో తరచుగా వినబడే ఫిర్యాదు. డెల్టాలో దూరమంటే మైళ్లే కాదు. పాలకొల్లునుంచి యలమంచిలి వైపు కనకాయలంక వంటి లంకగ్రామానికి వెళ్లాలంటే వరదరోజుల్లో పడవే దిక్కు. వీధిబడి పంతులు కలిగినవారి దయమీద బతికితే, సమితి పంతులు గెలిచినవారి దయమీద బతికాడు. తేడా లేకపోలేదు: రెండోవానికి సంఘం ఉంది. ఉపాధ్యాయ సంఘాలు ఈ రాష్ట్రంలో అంత బలంగా ఎదగడానికి జీతాల కోరిక ఎంత కారణమో, బదిలీల భయమూ అంతే కారణం. శాసనమండలిలో పన్నెండో వంతు స్థానాలను ఉపాధ్యాయులే ఎన్నుకునేట్లు రాజ్యాంగం ఇచ్చిన హక్కు ఆ సంఘాలకు రాజకీయ వేదికగా ఉపయోగపడింది.

సంఘాల పోరాటంలో ఒక విచిత్రమైన అంకె కనిపిస్తుంది, 010. అది ప్రభుత్వోద్యోగుల జీతాలు ఖజానానుంచి నేరుగా వచ్చే పద్దు నంబరు. స్థానిక సంస్థల ఉపాధ్యాయుల జీతం గ్రాంటు రూపంలో వచ్చినంతకాలం, నిధులు విడుదలైతేనే జీతం. 010 పద్దు కింద అయితే ఒకటో తారీకున జీతం. పంచాయతీరాజ్ ఉపాధ్యాయులు, వారి వెనుక పురపాలక ఉపాధ్యాయులు ఈ పద్దులోకి రావడాన్ని పెద్ద విజయంగా చెప్పుకుంటారు, అందులో అతిశయోక్తి లేదు. కాని జీతం ఖజానానుంచి వచ్చిన మరుక్షణం ఊరి పంచాయతీకిగానీ పురపాలక సంఘానికిగానీ బడిమీద మిగిలిన పట్టు సున్నకు దగ్గరైంది. 2022లో పురపాలక పాఠశాలల నిర్వహణ కూడా పాఠశాల విద్యాశాఖకు వెళ్లడంతో ఆ లెక్క పూర్తయింది.

జాతీయ విధానం అన్నమాట ఈ నేపథ్యంలోకి ఆలస్యంగానే వచ్చింది. రాజ్యాంగం విద్యను రాష్ట్రాల జాబితాలో పెట్టింది. 1976నాటి నలభై రెండవ సవరణతో గాని అది ఉమ్మడి జాబితాకు మారలేదు. అందుచేత కొఠారి కమిషన్ 1964-66 మధ్య యాజమాన్యాలమధ్య జీతాల తేడా పోవాలనీ, కనీస స్కేళ్లు ఉండాలనీ చెప్పినా, 1968నాటి విధానపత్రం దానిని స్వీకరించినా, అమలు రాష్ట్ర ఖజానా చిత్తం. యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 1966 అక్టోబరులో పారిస్‌లో ఆమోదించిన ఉపాధ్యాయుల హోదా సిఫారసులో, ఉపాధ్యాయ సంఘాలతో సంప్రదించకుండా విధానం రూపొందించకూడదన్న సూత్రం ఉంది. సమితి కాలపు పంతులుకు అది వేరే లోకపు మాటగా తోచి ఉంటుంది. 1983లో ఏర్పడిన చటోపాధ్యాయ కమిషన్ పూర్తిగా ఉపాధ్యాయుల గురించే పనిచేసిన తొలి జాతీయ కమిషన్. 1986నాటి జాతీయ విద్యావిధానం ఫలితంగా జిల్లాకొకటిగా వచ్చిన డైట్‌లలో, అంటే జిల్లా విద్యా శిక్షణ సంస్థలలో, పశ్చిమగోదావరిది దూబచర్లలో నెలకొంది. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు ఆ ఊరు తూర్పుగోదావరిలోకి వెళ్లింది.

ఆ 1980 దశకంలోనే రాష్ట్రం చేసిన పని వేరు. ఎన్.టి. రామారావు ‘బడిపంతులు’ చిత్రంలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుని పాత్రలో ప్రేక్షకులను ఏడిపించింది 1972లో. ముఖ్యమంత్రిగా ఉద్యోగుల పదవీ విరమణ వయస్సును 58నుంచి 55కు తగ్గించింది 1983లో. ఆ తరువాత వయస్సు తిరిగి 58కి వచ్చింది గాని, 1980ల మధ్యలో నెలకు 398 రూపాయల స్థిరవేతనంమీద స్పెషల్ టీచర్లను నియమించిన పద్ధతి ఒక పాఠంగా నిలిచిపోయింది: బడులు పెంచాలి, స్కేలు ఇవ్వకూడదు. తరువాతి కాలపు అప్రెంటిస్ ఉపాధ్యాయులు, విద్యావాలంటీర్లు ఆ తర్కానికి వారసులే. సర్వీసు లెక్కలో ఆ 398 రూపాయల కాలాన్ని కలపాలన్న కోరిక ఆ తరం ఉద్యోగ విరమణదాకా వెంటాడింది. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారికి పాత పింఛను స్థానే భాగస్వామ్య పింఛను, అంటే ఉద్యోగి జీతంనుంచి కూడా చందా కోసే పథకం, రావడంతో ఒకే స్టాఫ్‌రూములో రెండు రకాల వృద్ధాప్యాలు పక్కపక్కన కూర్చున్నాయి.

ఈ చవక నియామకాల కాలంలోనే శిక్షణలో చెప్పుకోదగ్గ ప్రయోగమొకటి జరిగింది. బ్రిటిష్ సహాయంతో 1984లో ప్రయోగాత్మకంగా మొదలై, తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించి 1996దాకా నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, పది పన్నెండు బడుల ఉపాధ్యాయులు క్రమం తప్పక కలిసి పాఠాలు చెప్పి చూపించుకునే టీచర్ సెంటర్లను ఏర్పరచింది. ఇన్‌స్పెక్టరు పంతులును చూడడమే తప్ప పంతుళ్లు ఒకరినొకరు చూసుకోవడం ఎరగని వ్యవస్థలో ఇది నిజమైన మార్పు.

నియామకం విషయంలో జిల్లా సెలక్షన్ కమిటీ, జనం నోట డీఎస్సీ, సమితి అధ్యక్షుని సిఫారసుకు బదులు రాతపరీక్షను నిలబెట్టింది. డెల్టాలో ఒక తరం యువతీయువకులకు డీఎస్సీ అంటే ఒక కమిటీ కాదు, వయస్సు దాటేలోపు రావలసిన నోటిఫికేషన్. పరీక్ష సిఫారసును తొలగించగలిగింది గాని నిరీక్షణను తొలగించలేకపోయింది: 1998 డీఎస్సీలో అర్హత పొంది నియామకం అందని అభ్యర్థులకు అవకాశమివ్వాలని ప్రభుత్వం నిర్ణయించేసరికి 2022 వచ్చింది, అప్పటికి వారిలో పలువురు పదవీ విరమణ అంచున ఉన్నారు. 2025 ఏప్రిల్‌లో వెలువడిన మెగా డీఎస్సీ ప్రకటన 16,347 ఉద్యోగాలకు. పాతికేళ్ల ఎదురుచూపూ, ఒకేసారి పదహారు వేల భర్తీ, రెండూ ఒకే జబ్బు లక్షణాలు: ఏటా ఎంతమంది విరమిస్తారో సర్వీసు రిజిస్టర్లలో ముందే రాసి ఉన్నా, ఏటా భర్తీ చేసే క్రమం ఏ ప్రభుత్వానికీ అలవాటు కాలేదు.

జాతీయ విధానం చట్టం రూపంలో బడిలోకి అడుగుపెట్టినది 1993నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి చట్టంతో, ఆపైన 2009నాటి విద్యాహక్కు చట్టంతో. ప్రాథమిక స్థాయిలో ముప్పై మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు, జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధంలేని పనులు అప్పగించరాదు, కనీస అర్హతను జాతీయసంస్థ నిర్ణయిస్తుంది అన్నవి విద్యాహక్కు చట్టంలోని నియమాలు. ఆ చివరి నియమం కింద 2010 ఆగస్టులో టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష, తప్పనిసరైంది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దానిని పాతవారికీ వర్తింపజేసింది: విరమణకు అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలినవారు రెండేళ్లలో టెట్ నెగ్గాలి, అయిదేళ్లలోపు ఉన్నవారు కొనసాగవచ్చు గాని పరీక్ష నెగ్గకుండా పదోన్నతి పొందలేరు. ఆనాటి నిబంధనల ప్రకారం శిక్షణ పొంది, ఆనాటి డీఎస్సీ రాసి, ఇరవయ్యేళ్లు పాఠం చెప్పిన ఉపాధ్యాయుణ్ణి మళ్లీ పరీక్షగదిలో కూర్చోబెట్టడం న్యాయమా అన్నది సంఘాల ప్రశ్న; పిల్లవాని హక్కుకు ఉపాధ్యాయుని చేరిక తేదీతో పనేమిటన్నది చట్టం వైపు వాదన. రెండవ వాదనలో బలముంది గాని, ఇరవయ్యేళ్లలో సర్వీసులో ఉన్నవారికి సరైన పునశ్చరణ శిక్షణ ఇవ్వని వ్యవస్థ ఆ లోటును ఒక్క పరీక్షతో పూడ్చుకోబోవడం ఫలితాల గ్రాంటునాటి తొందరను తలపిస్తుంది.

బదిలీల సంగతి చట్టందాకా రావడానికి ఇంకా ఎక్కువకాలం పట్టింది. సమితులు పోయి మండలాలు వచ్చిన తరువాత కూడా సిఫారసు బదిలీలు సాగాయి. ఖాళీలను అందరికీ చూపించి, సీనియారిటీ పాయింట్ల వరుసలో కోరుకోనిచ్చే కౌన్సెలింగ్ పద్ధతి వాటికి చాలామేరకు అడ్డుకట్ట వేసింది. కాని అది ఏటేటా జారీచేసే ఉత్తర్వు మీద ఆధారపడినది, ఉత్తర్వును మరో ఉత్తర్వు మార్చగలదు. మితిమీరిన బదిలీలు ఆగాలని 2020నాటి జాతీయ విద్యావిధానం సూచించింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2025లో ఉపాధ్యాయుల బదిలీల నియంత్రణకు ప్రత్యేకంగా చట్టమే చేసింది. ఒకే బడిలో ప్రధానోపాధ్యాయులు అయిదేళ్లకు, ఇతర ఉపాధ్యాయులు ఎనిమిదేళ్లకు మించి ఉండరాదన్న నియమం, రవాణా సౌకర్యంలేని ఊళ్లలో పనిచేసినందుకు అదనపు పాయింట్లు అన్నవి ఈ ఏర్పాటులో ముఖ్యమైనవి. లంకలోని బడిలో పనిచేసిన ఉపాధ్యాయినికి పాలకొల్లు పట్టణంలోని ఖాళీని కోరుకునే వరుసలో ఆ పాయింట్లు ముందుచోటు ఇస్తాయి. ఆమె వెళ్లిన తరువాత లంకబడికి వచ్చేది ఆ వరుసలో చివరనున్నవారు, తరచుగా అదే ఏడు ఉద్యోగంలో చేరినవారు.